ఒక క్రియాపదముతో 11 మైళ్ళు

ఎనిమిది దినములుగా నొక క్రియాపదము చెవిలో దూరిన చీమవలె నన్ను నిద్రపోనీయకున్నది. ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగు వ్యాకరణము చెప్పి, ఇప్పుడు అట్లాంటాలో కుమారుని యింట మనుమనిచేత అక్షరములు దిద్దించుచున్న నావంటివానికి శత్రువులైనను క్రియాపదములలోనుండియే పుట్టవలెను గదా! ఈ శత్రువును నాపై వదలినవాడు గ్రేట్ స్మోకీ పర్వతముల జాతీయవనములో మమ్ము వ్యానులో త్రిప్పి చూపిన గైడు.

కేడ్స్ కోవ్ అను లోయలో 11 మైళ్ళ వలయమార్గము కలదు. ఒకే దిక్కునకు పోవలెను. త్రోవ పొడవునను దుంగలతో గట్టిన యిండ్లు, మూడు చర్చీలు, నీటిచక్రముతో నేటికిని మొక్కజొన్నలు విసరు నొక పిండిమర. ప్రతి గుమ్మమువద్దను గైడు టోపీ తీసి, కంఠము తగ్గించి, "వాళ్ళు వదిలి వెళ్ళినప్పుడు ఎలా ఉందో, ఇప్పుడూ అచ్చం అలాగే ఉంది" అని తన యింగ్లీషులో చెప్పును. మొదటి గుమ్మమువద్ద నాకు ఒడలు పులకరించెను. నాలుగవదానివద్ద ఒడలు మండెను.

వదిలి వెళ్ళిరా? 1934లో ఏర్పడిన యీ వనముకొరకు పొలములు కొన్నారు. అమ్మమన్నవారిపై వ్యాజ్యములు వేసినారు. ఈ లోయలో తొలుత కాపురము పెట్టిన తెల్లవాడు జాన్ ఆలివర్, అతని మునిమనుమడు ఏండ్ల తరబడి న్యాయస్థానముల మెట్లు ఎక్కి దిగి, తుదకు 1937లో లోయ దాటెను. ఆ ఆలివరులకంటె ముందే యీ కొండలు తమవనుకొన్న చెరోకీలలో వేలమందిని 1838లో సైనికులు పడమటికి తోలిరి. ఇట్టివారినిగూర్చి "వెళ్ళిరి" అనుట వ్యాకరణద్రోహము. "వెళ్ళగొట్టబడిరి" అనవలెను. కర్మణిప్రయోగము తెలుగునకు సహజము కాదని తరగతిలో వేయిసార్లు చెప్పినవాడను నేనే. కాని యిట్టి యవసరములకే కాబోలు, పెద్దలు దానిని అటకమీద దాచియుంచిరి. ఇక "అచ్చం అలాగే" అన్నదియు నిజము కాదు. నాటికి లోయవారు పలకలతో గట్టుకొన్న నవీన గృహములలో చాలవాటిని పడగొట్టి, చూడవచ్చినవారికి పూర్వకాలపు ముచ్చట తీరునట్లు దుంగల యిండ్లను మాత్రము ముఖ్యముగా నిలిపిరి.

ఇంతయు గైడుతో చెప్పుటకు నేను గొంతు సవరించుకొనునంతలో వ్యాను ఆగెను. ముందు కార్లు, వెనుక కార్లు. ఎవరికో ఎలుగుబంటి కనబడినదట! దీనిని అచ్చటివారు "బేర్ జామ్" అందురు. మా యావిడ ఒడిలోనున్న పులిహోర డబ్బాను కొంగుతో కప్పి, చేతులు జోడించెను.

"ఏమండీ, జాంబవంతుడి వంశం కదా!"

"ఐతే?"

"కృష్ణుడికి పిల్లనిచ్చినవాడు. మనకి వియ్యంకుడవుతాడు."

ఆమె బాలకృష్ణుని కొడుకుగా కొలుచును గనుక ఈ వరుసలో నేను తప్పు పట్టలేకపోతిని. చిక్కంతయు తరువాత వచ్చినది. వియ్యంకుడు ఎదురుపడగా పులిహోర పెట్టకుండుట మర్యాద కాదు. పెట్టుట అచ్చటి చట్టమున నేరము. ఎలుగుబంటికి 150 అడుగుల దూరమున నుండవలెనని గైడు హెచ్చరించెను. వియ్యంకుల నడుమ ఆపాటి యెడము మన దేశమునను విధించియుండినచో ఎన్ని పెండ్లిపందిళ్ళు ప్రశాంతముగా నుండెడివో! ఇంగువ వాసన 150 అడుగులు దాటునా, దాటినచో వియ్యంకుడు రుచి తెలిసి వచ్చునా, వచ్చి "ఉప్పు తక్కువైంది" అని అలుగునా అని మేము నలుబది నిమిషములు తర్కించితిమి. తుదకు తేలినదేమన, అది కాలిన చెట్టు మొద్దు. దానికే నూరు ఫోటోలు తీసియుందురు.

ఆ నలుబది నిమిషములలో నా కర్మణిప్రయోగము చల్లారిపోయెను. తిరుగుత్రోవలో మనుమడు నా మోచేయి పట్టుకొని అడిగెను:

"తాతయ్యా, ఊళ్ళో మీ ఇల్లు కూడా ఇలాగే ఉంచారా?"

మా యూరు శ్రీశైలము జలాశయము క్రింద నున్నది. 1981లో మేము బండి కట్టుకొంటిమి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విప్పి అలంపురమునకు చేర్చిరి; మా యిండ్లలో విప్పి మోయదగినంత శిల్పమెవరికిని కనబడలేదు. వేసవిలో నీరు తీసినప్పుడు మొండిగోడలు కొన్ని పైకి వచ్చునని పోయి చూచినవారు చెప్పుదురు. నేను పోలేదు.

"లేదురా. నీళ్ళల్లో ఉంది."

"మరెందుకు వెళ్ళిపోయారు?"

ముప్పదియైదేండ్ల వ్యాకరణము నాలుక చివర నుండెను.

"ఏముందిరా, వదిలి వచ్చేశాం" అంటిని.

మా యావిడ పులిహోర డబ్బా మూత తీసెను.