ఆ కప్పులో లేపాక్షి వాటా

2025 ఏప్రిల్ 27 తెల్లవారుజామున లేపాక్షి గెలిచింది. సెవిల్లాలో జరిగిన స్పెయిన్ ఫుట్‌బాల్ కప్పు కోపా డెల్ రే ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 3-2తో మట్టికరిపించింది. కాదు, గెలిచింది బార్సిలోనా అని కొందరు పేచీ పెడతారు. స్కోరుబోర్డు మీద పేరు వాళ్లదే కావచ్చు, కష్టం మాత్రం మాది. వాళ్లకు ఆట రాత్రి పది గంటలకే మొదలైంది. మాకు ఒంటిగంటన్నరకు. ఒకప్పుడు మా తండ్రులు ఆ వేళకు లేచేది కరెంటొచ్చిందేమో చూసి మోటారు వేయడానికి. మేము లేచింది బార్సిలోనా ఆటగాడు పెడ్రీ కోసం. నిద్ర మాది చెడితే కప్పు వాళ్లింటికి పోయింది. ఇదేం పంపకం?

ఆట మాత్రం ఆటే. 28వ నిమిషంలో పెడ్రీ గోలు కొట్టగానే మా వీధి కుక్కలన్నీ లేచాయి. 70వ నిమిషంలో మాడ్రిడ్ ఆటగాడు ఎంబాపే ఫ్రీకిక్‌తో లెక్క సరిచేశాడు. ఇంకో ఏడు నిమిషాలకు చువామెని తలతో కొట్టి మా తల దించాడు. 84లో ఫెరాన్ టోరెస్ పరువు నిలబెట్టాడు. అదనపు సమయంలో, 116వ నిమిషంలో, గోళ్లన్నీ కొరికేశాక, గోలు ఆపడమే పనిగా ఉండే కుండే ఎదుటివాళ్ల బంతిని అందుకుని వల్లోకి తన్నాడు. చివర్లో బెంచీ మీదున్న మాడ్రిడ్ ఆటగాడు రూడిగర్ రిఫరీ మీదికి ఏదో విసిరి ఎర్రకార్డు సంపాదించాడు. మాకు మాత్రం ఏ కార్డూ రాలేదు. రిఫరీ వంశాన్ని మేమెన్ని తిట్టినా ఫోనుకు అవతల వినబడదు గదా! కోచ్ ఫ్లిక్‌కు అనంతపురం యాసలో ఇచ్చిన సలహాలదీ అదే గతి.

తెల్లారాక అసలు మ్యాచ్ టీ అంగడి దగ్గర మొదలైంది. ఊళ్లో మాడ్రిడ్ వర్గం కూడా ఉంది. సీమలో వర్గాలు చల్లబడ్డాయని పత్రికలు రాస్తుంటే చదివి నవ్వుకుంటాను. స్పెయిన్ నియంత ఫ్రాంకో జమానాలో బార్సిలోనావాళ్ల కటలాన్ భాషను అణగదొక్కినందుకు ఈనాటికీ లేపాక్షిలో మా చిన్నాయన కొడుకుతో నాకు మాటల్లేవు. వాడికి కటలోనియా ఎక్కడుందో తెలీదు. నాకూ తెలీదు. పగకు పటంతో పనేముంది?

అక్కడే కూర్చున్న పెద్దాయన ఒకరు అంతా విని, "అదంతా సరేగానీ అప్పా, ఆ ఊరోళ్లకు మన ఊరుందని తెలుసునా?" అన్నారు. పెద్దవాళ్లతో ఇదే చిక్కు, అడక్కూడనివే అడుగుతారు.

వాళ్లకు తెలిసినా తెలియకున్నా చట్టప్రకారం వాటాదారులు వాళ్లే. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ రెండూ ఏ షావుకారు సొత్తూ కావు, చందా కట్టే సభ్యులవి. ఆ సభ్యులే ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. బార్సిలోనాకు అలాంటి సభ్యులు లక్షకు పైనే ఉన్నారు. మేము కట్టేది ఫోను రీచార్జి. హిందూపురంలో బేరమాడి కొన్న చొక్కా డబ్బుల్లో ఒక్క పైసా బార్సిలోనా చేరి ఉంటుందని ఆ అంగడాయన కూడా ఒట్టేసి చెప్పడు. ఆ క్లబ్బును 1899లో పెట్టిన గాంపర్ కూడా పరాయివాడే, స్విట్జర్లాండ్ కుర్రాడు. పత్రికలో ప్రకటన వేయించాడు. ఆడేవాళ్లు రండి అన్నాడు గానీ, అర్ధరాత్రి అరిచేవాళ్లు రండి అనలేదు.

మా గుళ్లో 70 స్తంభాలున్నాయి. వాటిలో ఒకటి నేలకు పూర్తిగా ఆనదు. చూడవచ్చినవాళ్లు దాని కింద గుడ్డ దూర్చి ఇవతలికి లాగి మురిసిపోతారు. మా అభిమానం అచ్చం ఆ స్తంభమే. పైకప్పంతా తానే మోస్తున్నానంటుంది, కింద చూస్తే గుడ్డ ఆడుతుంది.

బార్సిలోనాతో మాకు నిజమైన చుట్టరికం ఒకటుంది. దాని ఊసెత్తితే మాత్రం రెండు వర్గాలూ గమ్మునుంటాయి. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. మా కరువును అక్కడి కుర్చీలో కూర్చుని చూసి, "మనం ఎండిపోయాం" అని నిట్టూర్చి పడుకోలేదు. ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ అనంతపురంలో క్రీడా గ్రామం కట్టింది. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలూ మగపిల్లలూ అక్కడ ఫుట్‌బాల్ ఆడతారు. బార్సా, మాడ్రిడ్ తలపడే లా లిగా కూడా ఆ శిక్షణలో చేయి కలిపింది. అంటే స్పెయిన్ లీగే మా జిల్లాకేంద్రానికి నడిచొచ్చింది. మేము దాని తలమీదుగా స్పెయిన్ వైపు చూస్తున్నాం. జిల్లా విడిపోయి ఇప్పుడు మాది శ్రీ సత్యసాయి జిల్లా కాబట్టి అనంతపురం మాకు విదేశమైంది కాబోలు. అక్కడ ఆడే ఒక్క పిల్ల పేరు చెప్పమనండి, బార్సా మాడ్రిడ్ వర్గాలు ఆ నిమిషంలోనే రాజీపడి నోరు మూసుకుంటాయి.

హైదరాబాద్ సంగతీ అంతే. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేస్తే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. స్టేడియంలో ఎటుచూసినా ఓడిన కేరళ పసుపే. మూడేళ్లకు మన క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. టీ అంగడి దగ్గర ఎవరి గొంతూ పూడుకుపోలేదు. మెస్సీ బార్సిలోనా వదిలిన 2021లో మాత్రం మావాళ్లు అన్నం ముట్టలేదు.

ఆట చూడొద్దని ఎవరూ అనరు. అంత గొప్ప ఆటకు నిద్ర ఖర్చు పెట్టొచ్చు. గెలుపులో వాటా అడగాలంటే మాత్రం మూడు దారులు: బంతి తన్నాలి, చందా కట్టాలి, అదీ కాకుంటే దగ్గర్లోని మైదానంలో ఎండకు నిలబడి చప్పట్లు కొట్టాలి. ఈ మూడింట్లో ఏదీ చేయనివాడికి గెలుపులో వాటా లేదు. మేలేమిటంటే పగలో కూడా లేదు. చిన్నాయన కొడుకుతో మాట్లాడుకోవచ్చు.