మూకుమ్మడి జ్వరాలు

ఉద్దానానికి కార్గో విమానాశ్రయం తెస్తామంటున్నారు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటలు వదులుకుంటే చాలట, ఉద్యోగాలు వాటంతటవే వచ్చి వాలతాయట. రైతులు ససేమిరా అంటున్నారు. ఆ తగవు తేలేలోగా, మన పిల్లలు చేయబోయే ఆ ఉద్యోగాల్లో యూనియన్లూ యాజమాన్యాలూ బేరాలెలా ఆడుకుంటాయో తెలుసుకుని ఉంచుకోవడం మంచిది. పైగా కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన నిమ్మాడ మనిషి. బాబాయి అచ్చెన్నాయుడు టెక్కలి ఎమ్మెల్యే, రాష్ట్ర వ్యవసాయ మంత్రి. 80 కిలోల జీడిపిక్కల బస్తాకి 16 వేలు ఇప్పించమని బాబాయిని అడగాలి, ఆ పిక్కలు కాసే చెట్టుని వదిలెయ్యమని అబ్బాయిని అడగాలి. ఒకే గుమ్మంలో రెండు అర్జీలు! ఇంత సౌకర్యం ఏ జిల్లాకుంది?

విమాన కంపెనీల్లో సమ్మె అనడం మర్యాద కాదు. అక్కడ జబ్బు చేస్తుంది. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నారు. ముందు నిలబడ్డ ఇద్దరి ఉద్యోగాలు ఊడాయి. సెప్టెంబరులో వందల మంది పైలట్లకు ఒకేసారి ఒళ్లు వెచ్చబడింది. తీసేసిన వాళ్లని వెనక్కి తీసుకుంటామనగానే ఏ మాత్రా మింగకుండా తగ్గింది. 2022 జులై 2న ఇండిగో క్యాబిన్ సిబ్బంది మంచం పట్టారు, సగానికి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అదే సమయంలో ఎయిర్ ఇండియాలో ఇంటర్వ్యూలు జరగడం యాదృచ్ఛికమని నమ్మేవాళ్లు నమ్మారు.

2024 మేలో ఆ జబ్బు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌కి అంటుకుంది. గల్ఫ్‌లో పనులకి పోయే మన కుర్రాళ్లకి తెలిసిన కంపెనీయే. టాటాల చేతికొచ్చాక, అప్పట్లో మరో కంపెనీని ఇందులో కలుపుతూ ఉన్నారు. అందరినీ సమానంగా చూడటం లేదని యూనియన్ మొత్తుకుంటూనే ఉండేది, వినే నాథుడు లేకపోయాడు. 7వ తేదీ రాత్రి నుంచి రెండొందల మందికి పైగా జబ్బు పడ్డారు. యాజమాన్యం డాక్టర్లని పంపలేదు, 25 మందికి డిస్మిస్ కాగితాలు పంపింది. 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ముందు ఇరుపక్షాలూ కూర్చున్నాయి. కాగితాలు వెనక్కి పోయాయి, జ్వరాలు దిగిపోయాయి. ఆ కూర్చునేదేదో జబ్బుకి ముందే కూర్చోవచ్చు కదా అని అడక్కండి. మీకు మేనేజ్‌మెంట్ చదువు లేదని తెలిసిపోతుంది.

కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీతకెళ్లే ఒక అప్పకి ఈ కథ చెప్పాను.

“ఏటి బావూ, ఒంట్లో బాగోలేదని ఫోన్ కొడితే ఢిల్లీలో మీటింగులెట్టే పనులున్నాయేటి?” అంది.

ఆమెకి తీసిన కిలోల లెక్కన కూలి. ఉద్దానంలో జబ్బుకి కరువు లేదు. కిడ్నీలు పాడైన వాళ్లు ఊరూరా ఉన్నారు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచిందీ అందుకే. ఒంట్లో సత్తువ లేకపోయినా పనిలోకి పోతారు. ఇక్కడ పనిచోట నిజం జబ్బుని పట్టించుకునే వాడు లేడు. అక్కడ అబద్ధపు జబ్బు చేస్తే తప్ప యాజమాన్యం నోరు విప్పదు.

ఈ అంటువ్యాధికి సర్కారు టీకా కనిపెట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకి 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మందో అంతకు మించో కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. కనక 49 శాతం దగ్గర ఆగిపోవాలి. సిక్ లీవు మాట అందులో లేదు. ప్లీడర్లు కూడా బతకాలి కదా.

కోడ్ కాగితాల తడి ఆరకముందే ఇండిగో విమానాలు ఆగిపోయాయి. ఈసారి ఎవరికీ జ్వరం లేదు. పైలట్లు కోర్టు మెట్లెక్కి సంపాదించుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి: వారానికి 36 గంటల విశ్రాంతి 48 కావాలి, రాత్రిపూట ఆరు ల్యాండింగులు రెండుకి తగ్గాలి. 2024 జనవరిలో ప్రకటించారు, 2025 నవంబరు 1 నుంచి పూర్తిగా అమలన్నారు. పైలట్లని చేర్చుకోడానికి ఇండిగోకి దాదాపు రెండేళ్లు దొరికాయి. చేర్చుకోలేదని పైలట్ల సమాఖ్యే తప్పుపట్టింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఆ ఒక్క కంపెనీ వాళ్లే. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అదే రోజు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారపు విశ్రాంతి షరతొకటి పక్కన పెట్టింది, రాత్రి డ్యూటీ విషయంలో ఇండిగోకి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపిచ్చింది, సహకరించండని పైలట్ల సంఘాలకి విజ్ఞప్తి కూడా చేసింది.

నాలాంటి మందమతికి ఇది అచ్చం సమ్మెలాగే కనిపించింది. పని ఆగింది, జనం సూట్‌కేసుల మీద పడుకున్నారు, కంపెనీ కోరిక నెరవేరింది. నోటీసు మాత్రం లేదు, డిస్మిస్ కాగితాలూ లేవు. న్యాయంగా చెప్పాలంటే తర్వాత ప్రభుత్వం కన్నెర్ర చేసింది. సీఈఓకి షోకాజ్ నోటీసు, సర్వీసుల్లో 10 శాతం కోత. పైలట్ నిద్ర మాత్రం ఫిబ్రవరికి వాయిదా పడింది.

ఇదే పద్ధతి పలాస జీడిబట్టీల్లో ఊహించండి. రేపట్నుంచి కూలి పెంచాలని ఉత్తర్వొస్తుంది. షావుకార్లు ఆ ఉదయమే బట్టీలకి తాళాలేస్తారు. పండగ పూట దేశంలో పాయసాలకి పప్పు అందక గగ్గోలు పుడుతుంది. సాయంత్రానికల్లా కార్మిక శాఖ దిగొచ్చి, ఉత్తర్వు కొన్నాళ్లు ఆపుతున్నాం, కాస్త సహకరించమ్మా అని అప్పని బతిమాలుతుంది.

ఇలా చేస్తారా అని ఒక షావుకారుగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “అరవై శాతం బజారు నా ఒక్కడి చేతిలో లేదు కదండీ” అని నిట్టూర్చారు.