గినీ పిగ్‌ల మధ్య పెద్దమనిషిని

స్విట్జర్లాండ్‌లో గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. అవి గుంపుగా బతికే జాతి కాబట్టి కనీసం రెండు ఉండి తీరాలని 2008లో అమల్లోకొచ్చిన జంతు సంరక్షణ నిబంధనలు చెబుతున్నాయి. జ్యూరిక్‌లో మా ఇంట్లో ఉన్న రెండిట్లో ఒకటి ముసలిదై పోయేసరికి, మిగిలిన రాణికి తోడు వెతకాల్సి వచ్చింది. అలా వచ్చింది బుజ్జి, ఇంకా ఏడాది నిండని ఆడది.

అప్పగించినావిడ చాలా జాగ్రత్తలు చెప్పింది. రెండిటికీ కొత్తదైన చోట కలపండి, జాగా విశాలంగా ఉండాలి, ఎండుగడ్డి రెండు మూడు కుప్పలుగా వేయండి. దాక్కునే గూటికి రెండు దారులుండాలి, లేకపోతే లోపల దూరినది ఇరుక్కుపోతుంది. రక్తం కనబడితే తప్ప మధ్యలో వేలు పెట్టకండి. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఇంటికొచ్చి బుజ్జిని తిన్నగా రాణి బోనులోనే దింపాను. కలిసి తింటాయని ఒకే పళ్ళెంలో క్యాప్సికం ముక్కలు పెట్టాను. వాటి ఒంట్లో విటమిన్ సి తయారవదని, ఆ ముక్కలంటే ప్రాణం పెడతాయని తెలుసు. పంచుకోవన్న సంగతి తట్టలేదు. రాణి పళ్ళేనికి అడ్డంగా నిలబడి పళ్ళు టకటకలాడించింది.

ఇక నా కళ్ళముందు సూర్యకాంతం గారి సినిమా మొదలైంది. రాణి గయ్యాళి అత్త, బుజ్జి నోరులేని కోడలు. రాణి గుర్రుమంటూ, నడుము ఊపుకుంటూ చుట్టూ తిరిగితే వేధింపు. వీపు మీదికెక్కితే దౌర్జన్యం. నిజానికి వెంటపడటం, పైకెక్కడం, ముక్కులు పైకెత్తి ఎవరిది ఎత్తో చూసుకోవడం, ఇదంతా పెద్దరికం తేల్చుకునే వాటి మామూలు పద్ధతి. పైగా ఆడవి సుమారు 16 రోజులకోసారి ఎదకొస్తాయి. అప్పుడు ఎంత సాధువైనా కాస్త గుర్రుమంటుంది. ఇవేవీ నేను కనుక్కోలేదు. చెయ్యి దూర్చి బుజ్జిని ఎత్తేశాను. కాసేపాగి దింపాను. మళ్ళీ ఎత్తాను. దింపినప్పుడల్లా తగువు మొదటికొచ్చేది, నా జోక్యం వల్లే అది తెగడం లేదని నాకు తోచనే లేదు. చివరికి చేతి మీద కాటు పడింది. అది అత్తగారిది కాదు, నేను కాపాడుతున్న కోడలిది.

మరో ఘనకార్యం కూడా ఉంది. కలిపి స్నానం చేయిస్తే ఒకే వాసన వచ్చి ఒకటైపోతాయని ఎవరో అంటే నమ్మాను. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోయగానే రెండూ నిజంగానే ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. మురిసిపోయి ఫొటో తీస్తుంటే మా అమ్మాయి వచ్చి, "అవి భయంతో వణుకుతున్నాయి నాన్నా! ఆ ఫోన్ అవతల పెట్టి తువ్వాలు తీసుకురా," అంది.

తర్వాత ఆఫీసు పనిమీద నేను ఊరెళ్ళాను. ఆ సందులో తల్లీకూతుళ్ళు హాలు ఖాళీ చేసి, పాత దుప్పట్లు పరిచి, చుట్టూ కంచె కట్టి, గడ్డి కుప్పలు వేసి రెండిటినీ వదిలారు. రాణి తరిమింది. నాలుగు వెంట్రుకలు ఊడాయి. బుజ్జి ఒక దశలో విసిగి, వెనక్కి చిమ్మి రాణి మొహాన మూత్రం కొట్టింది. వద్దని చెప్పడానికి ఆడవాటికున్న పద్ధతే అది. నోరులేకపోయినా ఇంకో ఏర్పాటు ఉందన్నమాట. చీకటి పడేసరికి చెరో కుప్ప దగ్గర చేరి మేస్తున్నాయట. "మీరు లేరుగా, పని సాఫీగా అయిపోయింది," అని మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది.

రాణికి వయసైపోతోంది. అది పోతే బుజ్జి ఒంటరిదవుతుంది, చట్టం మళ్ళీ తోడు తెమ్మంటుంది. ఈ గొలుసు తెగక ఇబ్బందిపడేవారికి గినీ పిగ్‌ని అద్దెకిచ్చే ఏర్పాటు కూడా ఈ దేశంలో ఉంది. అద్దెకు తెచ్చినా, సొంతానికి తెచ్చినా, దాన్ని దింపే రోజున నేను ఊళ్ళో ఉండకూడదని ఇంట్లో ఇప్పటికే తీర్మానమైపోయింది.