గేర్లు లేని బండి, గ్రాముల లెక్క

గేర్లు లేని బండి అంటే సుఖమైన బండి అనుకునేవాణ్ని. మా నాన్న కైనెటిక్ హోండా తిప్పినన్నాళ్లూ రేసు ఇవ్వడం, బ్రేకు నొక్కడం తప్ప మూడో పని ఎరగడు. యూటాకు వచ్చి, పక్కింటాయన మాట విని స్నోమొబైల్ కొన్నాక గానీ తెలిసిరాలేదు, గేర్లు పడాల్సిన బాధంతా క్లచ్చు పడుతుందని. దాంతోపాటు మనమూ పడతామని.

రెండు బళ్లలోనూ ఉన్నది ఒకటే ఏర్పాటు. 1958లో హాలండ్ వాళ్లు డాఫ్ కారులో పెట్టిన బెల్టు సంగతే. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో ‘వి’ ఆకారం బెల్టు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని వెయిట్లు విచ్చుకుని దాని రెండు పలకల్నీ దగ్గరికి నెడతాయి. బెల్టు పైకెక్కుతుంది, వెనక పుల్లీ విడిపోయి దారిస్తుంది. స్కూటర్లో ఆ వెయిట్ల బదులు రోలర్లుంటాయి. హైదరాబాదులో యాక్టివాలు విప్పే మెకానిక్కుని తెచ్చి ఇక్కడి కామస్ ఊరి దగ్గర మంచులో నిలబెడితే చలిని తిట్టుకుంటాడేమో గానీ, క్లచ్చు చూసి మాత్రం తడబడడు.

అయితే స్కూటర్ని ఎవరూ పదివేల అడుగుల ఎత్తుకు తోలుకెళ్లి, నడుం లోతు మంచులో కొండెక్కమనరు. వెయ్యి అడుగులు పైకి పోయినప్పుడల్లా ఇంజను బలం నూటికి మూడు చొప్పున తగ్గుతుంది. మిర్రర్ లేక్ రోడ్డు పట్టుకుని యుయింటా కొండల మీదికి చేరేసరికి, నేను కొన్న 165 గుర్రాల్లో దాదాపు యాభై కిందే ఆగిపోతాయి. వాటి వాయిదా మాత్రం బ్యాంకువాడు తగ్గించడు.

మిగిలిన గుర్రాలైనా పూర్తిగా పనిచేయాలంటే ఇంజను ఒక వేగం దగ్గర నిలవాలి. నా బండికి అది నిమిషానికి సుమారు 8,200 చుట్లు. వెయిట్లు బరువెక్కువైతే బెల్టు తొందరపడి పైకెక్కుతుంది, ఇంజను మూలుగుతుంది. తేలికైతే ఇంజను అరుపే గానీ బండి నడక ఉండదు. అందుకే పైకి పోయేకొద్దీ వెయిట్లు తేలిక చేస్తారు. గ్రాము, రెండు గ్రాములు మారిస్తే వంద, రెండొందల చుట్లు అటూ ఇటూ అవుతాయి. మొత్తం శాస్త్రం ఇంతే. కానీ ఇంతే అని చెబితే దుకాణాలు నడవవు.

స్ప్రింగుల సంగతే చూడండి. ఒక్కోదాని మీద 120/340 అని రెండంకెలుంటాయి. మొదటిది క్లచ్చు పట్టడం మొదలుపెట్టేటప్పటి బిగువు, రెండోది పుల్లీ పూర్తిగా మూసుకున్నప్పటి బిగువు, పౌండ్లలో. ఆ అంకెలు చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. దుకాణాలవాళ్లు మాత్రం రంగులు చెబుతారు. బాదం రంగు, నలుపు మీద ఆకుపచ్చ... చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది, కాఫీ ఒక్కటే తక్కువ. ఇక వెనక పుల్లీలో హెలిక్స్ అని వాలు చెక్కిన ముక్క. వాలు ఎక్కువైతే బండి త్వరగా పుంజుకుంటుంది, తక్కువైతే చెట్ల మధ్య రేసు వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు వెంటనే అందుకుంటుంది. చెట్లలో తిరిగేవాడికి రెండోదే మేలని నా అభిప్రాయం. దీని మీద గడ్డం పెంచిన ప్రతివాడికీ వేరే అభిప్రాయం ఉంది.

కొత్త వెయిట్లు పెట్టెలోంచి తీయగానే తూచాలి. సెట్టులో అన్నీ ఒకే బరువు ఉండాలి, లేకపోతే క్లచ్చు ఊగుతుంది. దానికి మా ఇంట్లో ఒకే త్రాసు, బంగారానిది. వంటగదిలో ఒక్కోటీ పెట్టి చూస్తున్నా: 64.1, 64.0, 64.1. మా ఆవిడ వెనక నిలబడి, “గ్రాముల్లో తూచేది ఇంట్లోకి వచ్చిందంటే నా కోసమే అనుకున్నానండీ” అంది. ఆ సెట్టు ధర ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

బోయిసీ నుంచి వచ్చిన మా తోడల్లుడు మాత్రం ధర దాచడు, చాటుతాడు. వెయిట్లు, స్ప్రింగులు, హెలిక్స్ కలిపిన పూర్తి కిట్టు బిగించి తెచ్చాడు. కొండ మీద ఇంజను చుట్ల అంకె నిలవదు. ఒకసారి 8,400, ఇంకోసారి 7,900. “వెయిట్లు మార్చాలి అన్నయ్యా” అంటూ అక్కడే కవరు విప్పాడు. చేతి తొడుగుల్లోంచి గోరంత నట్టు జారింది. ఇక్కడి మంచు భూమ్మీదకెల్లా గొప్పదని ఈ రాష్ట్రం బళ్ల నంబరు ప్లేట్ల మీద రాసుకుంది. నిజమే, గొప్పవాళ్లకు మల్లే అది కూడా తీసుకున్నది తిరిగివ్వదు. అయస్కాంతం పట్టుకుని మోకాళ్ల మీద వెతుకుతున్న తోడల్లుణ్ని చూసి, మాతో వచ్చిన పక్కింటాయన ఏమీ అనలేదు. బెల్టు బయటికి లాగి, అంచు మీద బొటనవేలు రాసి నాకు చూపించాడు. అద్దంలా మెరుస్తోంది, వేలికి నల్లటి మసి. కిట్టుకు అంత పెట్టినవాడు పాత బెల్టునే ఎక్కించుకొచ్చాడు. నున్నబడ్డ బెల్టు జారుతుంటే ఏ వెయిటు పెట్టినా అంకె నిలిచేదెక్కడ?

మీలో ఎవరైనా కొలరాడోలోనో, ఐడహోలోనో ఈ పిచ్చిలో పడి ఉంటే నాదొక మనవి. కిట్టు కొనే ముందు బెల్టుని సబ్బు కలిపిన వేడినీళ్లతో కడగండి, నున్నబడిపోతే మార్చండి. పుల్లీ పలకల మీది మసి తుడవండి. తర్వాత ఒకసారి కొండెక్కి చూసుకోండి. అప్పటికీ అంకె రాకపోతే వెయిట్లు మార్చండి, ఒకసారికి ఒక్క మార్పే. నట్లు మాత్రం రెండు ఎక్కువ కొని జేబులో పెట్టుకోండి.