539 శాతం జుట్టు

ఇక దిగులక్కర్లేదు, 539 శాతం వచ్చేసింది. 2025 డిసెంబరులో కాస్మో కంపెనీ బట్టతలకు రాసే తన క్లాస్కోటెరోన్ ద్రావణం ట్రయల్ ఫలితాలు ప్రకటించిందో లేదో, నిన్నటిదాకా ‘రాసుకునే రోజులు పోయాయి, మాత్ర వేసుకోండి’ అన్న గొంతులే ‘మాత్ర ప్రమాదం, రాసుకోండి’ అని పాట మార్చాయి. నెత్తి మీంచి వెళ్తే క్షేమం, నోట్లోంచి వెళ్తే బలం. ఈ రెండు ముక్కల మీదే వ్యాపారమంతా నడుస్తోంది. ఉల్లిపాయ నూనెల, బయోటిన్ గమ్మీల జోలికి నేను పోను. తిట్టడానికైనా ఒక గట్టి ట్రయల్ ఉండాలి కదా.

539 శాతమంటే దేంట్లో? ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, రాసుకున్నవాళ్లతో పోలిస్తే అంత మెరుగట. వాళ్లకు చదరపు సెంటీమీటరులో ఒక వెంట్రుక పెరిగిందనుకుంటే అసలు మందుకు ఆరూ చిల్లర. వాళ్లకు సగటున అర వెంట్రుకే పెరిగితే అసలు మందుకు మూడూ చిల్లర. శాతం మాత్రం రెండుచోట్లా 539. పోలికకు పెట్టుకున్నవాడికి ఎంత తక్కువ మొలిస్తే మందు అంత ఘనంగా కనపడుతుంది. అవతల సున్నాకు దగ్గరపడితే లక్ష శాతం కూడా చూపించొచ్చు. గుండు నున్నగానే ఉంటుంది, శాతం ఒత్తుగా మొలుస్తుంది.

ఇంతకీ అదే మందుతో, అదే పద్ధతిలో నడిచిన జంట ట్రయల్‌లో వచ్చింది 168 శాతం. ఒకే సీసా ఒకచోట 539, ఇంకోచోట 168 ఇచ్చిందంటే, ఈ కొలబద్దే ఎంత ఊగుతోందో అర్థం కావడానికి గణితంలో పట్టా అక్కర్లేదు. అయినా పెద్ద అక్షరాల్లోకి ఎక్కింది 539 ఒక్కటే. మందు పనిచేయదని నా వాదన కాదు. రెండు ట్రయల్స్‌లోనూ అది ఉత్తుత్తి మందును మించింది. ఎన్ని వెంట్రుకలు వచ్చాయో చెప్పమంటే ఎన్ని రెట్లో చెప్పడమే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం.

దారిని బట్టి గుణం వస్తుందన్న సిద్ధాంతానికి మినాక్సిడిల్ చరిత్రే జవాబు. 1979లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు అది తీవ్రమైన బీపీకి వేసుకునే మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒంటి మీద జుట్టు మొలుస్తుంటే, ఆ దుష్ఫలితాన్నే సీసాలో నింపి 1988లో నెత్తికి రాసే మందు చేశారు. ఇప్పుడదే తక్కువ మోతాదులో మళ్లీ మాత్రై ‘కొత్త ఆవిష్కరణ’గా తిరిగొచ్చింది. బలం సంగతి చూద్దామా? 2024లో జామా డెర్మటాలజీ పత్రికలో వచ్చిన బ్రెజిల్ ట్రయల్‌లో మగవాళ్ల మీద 5 మిల్లీగ్రాముల మాత్రనూ, రోజుకు రెండుసార్లు రాసే 5 శాతం ద్రావణాన్నీ 24 వారాలు పోల్చారు. మాత్ర గెలవలేదు. పైగా మింగిన మినాక్సిడిల్‌కు నెత్తి ఎక్కడుందో తెలియదు. 2019లో స్పెయిన్‌లో కడుపులో మంట మందు అనుకుని పొరపాటున ఇది పట్టిన పసిబిడ్డలకు ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాయి.

ఇక క్షేమం. ఫినాస్టెరైడ్ అనే మరో జుట్టు మందు స్ప్రేను నెత్తి దాటి పోదని అమ్ముతున్నారు. అమెరికా ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో చెప్పింది వేరు: అది చర్మంలోంచి రక్తంలోకి చేరగలదు, 2019 నుంచి 2024 వరకు తమకు 32 ఫిర్యాదులొచ్చాయి, రాసుకున్నవాడి నుంచి ఇంట్లోవాళ్లకూ అంటొచ్చు.

మినాక్సిడిల్ ద్రావణంతో జిడ్డు, దురద, రోజూ రెండుపూటలా రాయడం ఎవరివల్ల అవుతుందంటారు. నిజమే. పైగా మినాక్సిడిల్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము కొందరి మాడులో తక్కువగా ఉండి, ఎంత రాసినా పెద్దగా ఫలితముండదు. వాళ్లకు మాత్ర సరైనదే కావచ్చు. కానీ అది బీపీ చూసి, గుండె సంగతి అడిగి, ఇంకేం మందులు వాడుతున్నారో తెలుసుకున్న డాక్టరు తేల్చాల్సిన విషయం. ఫోనులో నాలుగు ప్రశ్నలకు టిక్కు పెట్టించుకుని, ఇరవై రెండేళ్ల కుర్రాడి భయాన్ని పార్సిల్ కట్టడం వైద్యం కాదు, మోసం. ఫినాస్టెరైడ్ మాత్రలతో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని యూరప్ మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. ఆ కుర్రాడికి ఆ మాట చెప్పకుండా అమ్మేవాడికి సిగ్గుండాలి.

రాయాలా మింగాలా అన్న తగవు తెగకపోవడమే అమ్మేవాళ్లకు లాభం. జిడ్డుకు విసిగినవాడు మాత్ర కొంటాడు, మాత్రకు భయపడ్డవాడు స్ప్రే కొంటాడు, ఏదీ తేల్చుకోలేనివాడు కాంబో ప్యాక్ కొంటాడు. ఏ దారిన పట్టించినా, మానేసిన కొన్ని నెలలకు మందుతో వచ్చిన జుట్టు రాలిపోతుంది. ఆ సంగతి మొదటి నెల డబ్బు తీసుకోకముందే చెప్పాలి.