ఫైలు నడుస్తోందని నీ కాళ్లు కట్టేసుకోకు

ఎల్బీనగర్ చౌరస్తాలో సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డాం. మా మేనకోడలు నా చెయ్యి వదల్లేదు. "అత్తా, వెళ్లొచ్చంటావా? ఫైలుకేమైనా అయితే?" అని మూడుసార్లు అడిగింది. పెళ్లై ఎనిమిది నెలలు. అల్లుడు అమెరికా సిటిజన్, డల్లాస్‌లో ఉంటాడు. పెళ్లైన నెలకే భార్యను తీసుకెళ్లడానికి ఐ-130 పిటిషన్ వేశాడు. అప్పట్నుంచి ఈ పిల్ల హైదరాబాద్ దాటలేదు. "ఫైలు నడుస్తున్నప్పుడు ఊరు దాటకూడదు" అని ఎవరో అన్నారట, అది ఇంట్లో శాసనమైపోయింది. సొంత పిన్ని కూతురి పెళ్లికి రెండున్నర గంటల దారి వెళ్లడానికి కూడా గుండె దడ.

చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. తెరిచి చూశాను. పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, చిన్న కవర్లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించిన రెండంగుళాల ఫొటోలు, అన్నీ ఒరిజినల్సే. "ఎవరైనా అడిగితే చూపిద్దామని" అంది. ఆ ఫోల్డరు తీసుకుని నా బ్యాగులో పెట్టుకున్నాను. ఆధార్ కార్డొకటి పర్సులో ఉంచి బస్సెక్కించాను.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ ఇళ్లలో ఇలా ఎదురుచూస్తున్న పెళ్లికూతుళ్లు చాలామంది. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. ఇది తలకిందుల సలహా అని పెద్దవాళ్లు అంటారు. అననివ్వు. నా మాట ఒకటే: ఫైలు నడుస్తున్నన్నాళ్లూ వీలైనన్ని ఊళ్లు తిరుగు.

మొదట ఫైలు ఎక్కడుందో తెలుసుకో. భర్త వేసిన ఐ-130 అమెరికాలో, అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర ఉంటుంది. అది ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టి, డీఎస్-260 వీసా దరఖాస్తు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాక ఇంటర్వ్యూ తేదీ వస్తుంది. ఈ మెట్లలో ఎక్కడా నువ్వు చైతన్యపురిలో ఉన్నావా కాకినాడలో ఉన్నావా అని అడిగేవాళ్లు లేరు. నీ దేశంలో నువ్వు తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రైలుకైనా, దేశంలోపల విమానానికైనా ఆధార్ చాలు. ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు కాన్సులేట్ దగ్గరే ఉండిపోయినా, అత్తగారి ఊరు వెళ్లి రావడానికి అడ్డేమీ లేదు.

"ఎప్పుడు పిలుస్తారో ఏమో" అనేది ఇంకో భయం. ఇవాళ ఫోన్ చేసి రేపు రమ్మనరు. కబురు ఈమెయిల్‌లో ముందే వస్తుంది. అందుకని కాళ్లు కట్టేసుకోవడం కాదు, ఈమెయిల్ చూసుకోవడం ముఖ్యం. ఏ ఊళ్లో ఉన్నా వారానికి రెండుసార్లు చూడు, స్పామ్ కూడా చూడు. ఏజెంటు ఈమెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే మార్పించి నీది పెట్టించు. వీసా సెంటర్ దశకు వచ్చాక ఏడాదిపాటు అటునుంచి ఇటు ఒక్క కదలికా లేకపోతే కేసు మూసేసే ప్రమాదం ఉంది. నువ్వు సూర్యాపేట వెళ్లినందుకు కేసు మూయరు, పలక్కుండా కూర్చుంటే మూస్తారు.

ఇప్పుడు అసలైన మాట. అల్లుడు మూడు వారాల సెలవు మీద వస్తాడు. మనం ఏం చేస్తాం? రోజుకో బంధువు ఇంట్లో భోజనం, సాయంత్రం సాయిబాబా గుడి, చందనా బ్రదర్స్‌లో చీరలు, మళ్లీ ఎయిర్‌పోర్టు. ఇద్దరూ కలిసి ఒక్క ఊరూ చూడరు. కాగితాల సమయం వచ్చేసరికి పెళ్లి ఆల్బమ్ తప్ప చూపించడానికేమీ ఉండదు. అధికారి చూసేది ఈ పెళ్లి నిజమైనదా కాదా అని. ఆల్బమ్ ఒక్కరోజు సంగతి. ఇద్దరి పేర్లతో శ్రీశైలం బస్సు టికెట్లు, అరకులో ఉన్న రూము బిల్లు, నాగార్జునసాగర్ గట్టుమీద అత్తమామలతో దిగిన ఫొటో కాపురం సంగతి చెబుతాయి. అతను వచ్చినప్పుడు ఎక్కడికెళ్లారని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతావు, ఎందుకంటే నిజంగా వెళ్లావు కనుక.

టికెట్లు పారేయకు. బస్సు టికెట్టు సిరా రెండు నెలల్లో వెలిసిపోతుంది, ఆ రోజే ఫొటో తీసి పెట్టుకో. అంతేగానీ ఫొటో కోసం మాత్రం ప్రయాణం పెట్టుకోకు. కొత్తగా పెళ్లై ఖండానికొకరుగా బతుకుతున్న ఇద్దరు మూడు రోజులు ఒకే కిటికీ పక్కన కూర్చోవడం ఎంత అవసరమో పెద్దవాళ్లు మర్చిపోతారు. దాన్ని మాత్రం ఎవరికోసమూ వదులుకోకు.

ఉద్యోగం మానేయమనే సలహా కూడా ఇదే కోవలోది. ఆఫీసువాళ్లు బెంగళూరు పంపిస్తామంటే వెళ్లు. అతను సిటిజన్ అయితే భార్యకు కోటా వరస ఉండదు, అయినా నెలలకు నెలలు పడుతుంది. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడైతే ఎఫ్2ఏ వరస, వీసా బులెటిన్‌లో నీ తేదీ రావాలి. అన్నాళ్లు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇంటి దగ్గర ఉండాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. అవి నిజమైనవి, వాటిని తేలిగ్గా తీసుకోకు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం పాస్‌పోర్ట్ సేవాలో దరఖాస్తు చేసిన తర్వాత పోలీసులు చిరునామా చూడటానికి ఇంటికి రావొచ్చు, ఫోన్ చేసి స్టేషన్‌కు రమ్మనొచ్చు. ఆ పని పూర్తయ్యేదాకా ఊళ్లోనే ఉండు, తెలియని నంబరు అయినా ఫోన్ ఎత్తు. ఆ సర్టిఫికెట్ రెండేళ్లలోపుది అయి ఉండాలి, మరీ తొందరపడి ముందే తీసుకోకు.

ఇంకోటి మెడికల్. కాన్సులేట్ జాబితాలో ఉన్న వైద్యుల దగ్గరే చేయించుకోవాలి, మన ఫ్యామిలీ డాక్టరు రాసిస్తే చెల్లదు. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానం వస్తే మూడు రోజులు కఫం నమూనాలు ఇవ్వాలి, కల్చర్ ఫలితానికి సుమారు 8 వారాలు పడుతుంది. ఆ మాట చెప్పగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఏడవద్దు, అది వాళ్ల పద్ధతి. కాకపోతే ఆ మూడు రోజుల్లో ప్రయాణం పెట్టుకోకు.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉంది కదా, అక్కడే ఇంటర్వ్యూ అని చాలామంది అనుకుంటారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023లో నానక్‌రాంగూడకు మారిన కాన్సులేట్ అది. నీ ఇంటర్వ్యూ అక్కడ కాదు. పెళ్లి మీద ఇచ్చే వలస వీసాకు ముంబై, బాంద్రా కుర్లా కాంప్లెక్స్ వెళ్లాలి. నెలల తరబడి ఊరు దాటని పిల్లను ఒక్కసారిగా ముంబై పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా వీధిలో ఒకమ్మాయి ఆ ప్రయాణానికే జ్వరం తెచ్చుకుంది. అదే నాలుగు ఊళ్లు ఒంటరిగా వెళ్లొచ్చిన పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, మారకుండా నాంపల్లిలో దిగి, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని తెల్లారేసరికి మహారాష్ట్రలో ఉంటుంది. ఒరిజినల్స్ ఫోల్డరు బయటికి తీయాల్సిన ప్రయాణం అదొక్కటే. రాత్రి తలగడ కింద పెట్టుకో.

వీసా రావాలని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసిరమ్మని అత్తగారే పంపుతారు. వెళ్లు, నేనూ వెళ్లమంటాను. ఊరి తూర్పు చివర్నుంచి పడమటి చివరికి వెళ్లొచ్చిన పిల్ల సూర్యాపేట కూడా వెళ్లి రాగలదు.

అమెరికా వెళ్లాక అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే గ్రీన్‌కార్డుకు ఐ-485 వేసిన మన పిల్లలకు లెక్క వేరు. దేశంలోపల తిరగొచ్చు, దేశం దాటకూడదు. తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, అడ్వాన్స్ పెరోల్, చేతిలో లేకుండా దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. చెల్లుబాటయ్యే హెచ్-1బీ, హెచ్-4 లాంటి కొన్ని హోదాల వాళ్లకే మినహాయింపు. మనవాళ్లు సెలవు దొరికితే నయాగరా అంటారు. ఇవతలి ఒడ్డున నిలబడి ఎంతసేపైనా చూడు. అవతలి ఒడ్డు ఇంకా బాగుంటుందని రెయిన్‌బో బ్రిడ్జి మీదుగా నడిచావంటే అది కెనడా. పది నిమిషాల నడకలో ఏళ్ల ఎదురుచూపు పోతుంది.

2025 మే 7 నుంచి అక్కడ దేశంలోపలి విమానాలకు కూడా రియల్ ఐడీ నియమం అమల్లో ఉంది. మన పాస్‌పోర్టు గానీ వర్క్ పర్మిట్ కార్డు గానీ చూపొచ్చు. ఐ-797 రసీదు కాపీ దగ్గర పెట్టుకో. ఇల్లు మారితే 10 రోజుల్లోపు చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 వేయి. వేలిముద్రల తేదీ వచ్చిన వారం మాత్రం ఎక్కడికీ వెళ్లకు. ఇక స్టేటస్ గడువు దాటిపోయి ఉంటే ఐ-130 వేశాం కదా అన్న ధైర్యంతో విమానమెక్కకు. ఆ కాగితం ఒక్కటే నీకు ఏ స్టేటస్సూ ఇవ్వదు. ముందు లాయర్‌ను అడుగు. ఈ ఒక్కచోట మాత్రం భయపడటమే మంచిది.

మా మేనకోడలు పెళ్లి చూసి మూడో రోజు తిరిగొచ్చింది. ఫైలు ఎక్కడున్నది అక్కడే ఉంది. వచ్చే నెల స్నేహితురాళ్లతో భద్రాచలం వెళ్తానంటోంది.

వదినలూ, అత్తగార్లూ, మీకో మాట. ఈ పిల్ల రేపు ఏడు సముద్రాలు దాటి వెళ్లిపోతుంది. ఈలోపు ఆమెకు మిగిలిన ఈ కొద్ది నెలలూ ఆమెవి. పంపించండి. పర్సులో ఆధార్ కార్డుందో లేదో మాత్రం చూడండి.