పెనుకొండకు ఓడెక్కి వచ్చే కారు

విదేశం నుంచి మకాం ఎత్తేసి అనంతపురం తిరిగొస్తున్న కొందరు పుణ్యాత్ములకు ఈమధ్య ఒక బుద్ధి పుడుతోంది. అక్కడ వాడిన కారును కూడా ఓడెక్కించి తెచ్చుకోవాలట. "ఆ బండి దర్జానే వేరు, ఇక్కడ చేసేవన్నీ రేకు డబ్బాలు" అని సెలవిస్తున్నారు. విని తరించాం.

ఆ రేకు డబ్బాల ఫ్యాక్టరీ పెనుకొండ పక్కన ఎర్రమంచిలోనే ఉంది సామీ. 2019లో కియా వాళ్లు అక్కడి నుంచి సెల్టోస్‌ను వదిలారు. ఏడాదికి మూడు లక్షల బండ్లు చేయగల తాహతు దానిది. గొల్లపల్లి రిజర్వాయర్‌లో కృష్ణా నీళ్లు తాగి, వేరుశనగ ఎండిపోయే నేల మీద పుట్టిన ఆ కార్లు గల్ఫ్‌కూ ఆఫ్రికాకూ లాటిన్ అమెరికాకూ పోతున్నాయి. అక్కడి రోడ్లకు తగ్గట్టు ఎడమ స్టీరింగ్ కూడా ఇక్కడే బిగిస్తారు. అంటే కువైట్‌లో మనవాడు మోజుపడి కొన్న సెల్టోస్ పెనుకొండ బిడ్డే అయినా కావచ్చు. దాన్ని వెనక్కి తెస్తే మాత్రం పుట్టింటి గడపలోనే ఆపేస్తారు.

ఎందుకంటారా? వాడిన కారును దేశంలోకి రానివ్వాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి. దిగేది ముంబై రేవులోనే. అక్కడ బయల్దేరే ముందొక సర్టిఫికెట్, ఇక్కడ దిగాక పుణేలాంటి చోట ఇంకో పరీక్ష. మనవాళ్లు ఎక్కువగా ఉన్నది అమెరికాలో, కువైట్‌లో. రెండుచోట్లా స్టీరింగ్ ఎడమపక్కనే. వాళ్ల కథ రెండో షరతు దగ్గరే కంచికి పోయింది.

ఇక లండన్, సింగపూర్, ఆస్ట్రేలియా బాబులు మిగిలారు. వాళ్ల స్టీరింగ్ సరిగ్గానే ఉంది, లెక్కే తప్పింది. వాడిన కారు మీద కస్టమ్స్ భారమే 137.5 శాతం. దాని మీద జీఎస్టీ. పది లక్షల విలువ కట్టిన పెద్ద బండికి పన్నులే ఇరవై లక్షలు దాటిపోతాయి. ఓడ కిరాయి, మన లైఫ్ టాక్స్ వేరే. ఇల్లు మారుతున్నామంటే పాత్రాసామానుకు, ఫ్రిజ్జుకు దొరికే రాయితీ కారుకు దొరకదు. సచిన్ టెండూల్కర్ ఫెరారీకి ప్రభుత్వం సుంకం మాఫీ చేస్తే వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి ఆ 1.13 కోట్లు ఫియట్ కంపెనీ కట్టింది. నీకు కట్టే కంపెనీ ఏది నాయనా?

"ఎవరినో ఒకరిని పట్టుకుని మేనేజ్ చేద్దాంలే" అంటారు. అనకపోతే మనవాళ్లెలా అవుతారు! సరే, మేనేజ్ చేశారనే అనుకుందాం. ఎడమ స్టీరింగ్ బండి కళ్యాణదుర్గం రోడ్డెక్కింది. ముందు వేరుశనగ మూటల లారీ. దాటాలంటే ఎదురుగా వచ్చేది కనపడాలి, దొరవారికి కనపడేది లారీ వెనకున్న 'హారన్ ప్లీజ్' ఒక్కటే. కాబట్టి కుడిపక్క కూర్చున్న ఇల్లాలు కిటికీలోంచి మెడ చాచాలి. "ఏమన్నా వస్తాందా?" "బస్సు వస్తాంది, ఉండండి." "ఇప్పుడు?" "ఇప్పుడు ట్రాక్టరు." ఆ లారీ వెనకే పొగ మింగుతూ కళ్యాణదుర్గం చేరతారు. దారిలో సగం రోడ్డు మీద కొర్రలు పరిచి ఉంటాయి. బండ్ల చక్రాలతోనే నూర్పిడి కానిచ్చుకునే రైతుకు లెక్సస్ అయినా ఆటో అయినా ఒకటే. పైగా ఒక సైడ్ అద్దం పగిలిందా, గుత్తి రోడ్డు మెకానిక్ ఫొటో తీసుకుని "ఇది యాడ దొరుకుతాదో చూడాల" అంటాడు. అంతే, నెల తర్వాత కూడా చూస్తూనే ఉంటాడు.

కాబట్టి తిరిగొచ్చే తమ్ముళ్లకు ఒకటే విన్నపం. కారు అక్కడే అమ్మేసి రండి. కావాలంటే ఎర్రమంచిలో చేసిందే ఒకటి కొనుక్కోండి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. మిగిలిన డబ్బుతో ఊళ్లో నాయన చీనీ తోటకు డ్రిప్పు పైపులు మార్పించండి.